మరిచిపోలేని సెన్సార్

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అక్క కొడుకు తన ఇంజనీరింగ్ ప్రాజెక్టు తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటరు బోర్డు, గాలిలో వాయువుల్ని పసిగట్టే ఎంక్యూ-135 సెన్సార్, చిన్న బజర్. ఐస్ ఫ్యాక్టరీలో చల్లబరచడానికి వాడే అమ్మోనియా లీకైతే అది మోగాలని వాడి ఉద్దేశం. వాళ్ళ తాతయ్య, అంటే మా నాన్న, భీమవరం దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్ళు ఆపరేటరుగా చేశారు. అందుకే వాడికి ఆ ఆలోచన వచ్చింది.

భోగి మంట దగ్గర అది మోగింది. అమ్మ గారెలు వేస్తుంటే వంటింటి గుమ్మంలో మోగింది. అక్క సెంటు రాసుకుని పక్కనుంచి వెళ్తే మోగింది. ఎంక్యూ-135 లోపల ఉండేది వేడెక్కిన టిన్ ఆక్సైడ్ పొర. పొగ, ఆల్కహాల్, అమ్మోనియా, ఏదొచ్చినా దానికి ఒకటే. వాడు చిన్నబోయి నా దగ్గరికొచ్చి, "మామయ్యా, దీని బదులు మీ కార్బన్ నానోట్యూబులు పెడితే? ఒక్క పీపీబీ ఉన్నా పట్టేస్తాయని చదివాను" అన్నాడు.

కార్బన్ నానోట్యూబులంటే కార్బన్ పరమాణువుల పొరని చుట్ట చుట్టినట్టుండే, కంటికి కనబడనంత సన్నని గొట్టాలు. పీపీబీ అంటే వంద కోట్ల అణువుల్లో ఒకటి. వాడు చదివింది అబద్ధం కాదు. ఆ గొట్టాల మీద నేను మూడేళ్ళు పనిచేశాను. అయినా వాడితో "పెట్టు" అనలేకపోయాను, "వద్దు" అనీ అనలేకపోయాను. పండగ మూడు రోజులూ ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. చివరికి నాకు అనిపించింది ఇది. మంచి మీటరుకి ఉండాల్సిన ఒక గుణం నానోట్యూబుకి పుట్టుకతోనే తక్కువ: పట్టుకున్నదాన్ని చప్పున వదిలిపెట్టడం. ఆ లోపాన్ని పోగొట్టాలని పాతికేళ్ళుగా పడుతున్న శ్రమలో కొంతయినా, ఆ లోపాన్నే పనికి పెట్టుకోవడం మీద పడి ఉంటే బాగుండేది. మా నాన్నలాంటి వాళ్ళ చేతికి ఈపాటికి ఏదో ఒకటి అందేది.

## 2000 నాటి గ్రాఫు

ఈ రంగంలో అందరూ మొదట చెప్పేది 2000 జనవరిలో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసం. స్టాన్‌ఫోర్డ్‌లో హోంగ్జీ దాయ్ బృందం ఒకే ఒక్క సెమీకండక్టర్ నానోట్యూబుని తీసుకుని, దాని మీదుగా 200 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల అణువుల్లో ఒకటి) నైట్రోజన్ డైఆక్సైడ్ పంపింది. పది సెకన్లలో దాని వాహకత, అంటే కరెంటు పారనిచ్చే గుణం, దాదాపు వెయ్యి రెట్లు పెరిగింది. అమ్మోనియా పంపితే ఒకటి రెండు నిమిషాల్లో దాదాపు వందో వంతుకి పడిపోయింది. ఇదంతా మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర. టిన్ ఆక్సైడ్‌ని పని చేయించాలంటే రెండు వందల డిగ్రీలు దాటి కాల్చాలి.

ఎందుకలా అంటే, ఒంటిగోడ గొట్టంలో, అంటే ఒకే పొర ఉన్నదాంట్లో, లోపలి పదార్థమంటూ ఏమీ లేదు. ప్రతి కార్బన్ పరమాణువూ గోడ మీదే ఉంది, గాలికి తగులుతూనే ఉంది. నైట్రోజన్ డైఆక్సైడ్ వచ్చి ఆనుకుంటే గొట్టం నుంచి కొంత ఎలక్ట్రాన్ ఆవేశాన్ని లాక్కుంటుంది, అమ్మోనియా కొంత ఇస్తుంది. ఒకదానికి కరెంటు పెరుగుతుంది, రెండోదానికి తగ్గుతుంది. మొదటిసారి ఆ గ్రాఫు చూసినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పుడు చూసినా అంతే.

కానీ అదే వ్యాసంలో ఉన్న రెండు సంగతులు నాకు చాలా ఆలస్యంగా కనబడ్డాయి. మొదటిది, వాళ్ళు పంపిన అమ్మోనియా 1 శాతం, అంటే 10,000 పీపీఎం. 300 పీపీఎం దగ్గరే ప్రాణానికి ముప్పు అంటుంది అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్. రెండోది, నైట్రోజన్ డైఆక్సైడ్ తీసేశాక ఆ గొట్టం తిరిగి మామూలు స్థితికి రావడానికి దాదాపు పన్నెండు గంటలు పట్టింది. 200 డిగ్రీలకి వేడి చేస్తే గంటలో వచ్చింది. పది సెకన్లలో పట్టుకున్నది వదలడానికి పూట పట్టిందన్నమాట.

అదే ఏడాది మార్చిలో బర్క్‌లీలో అలెక్స్ జెటిల్ బృందం ఇంకో మాట బయటపెట్టింది. మనం పీల్చే ఆక్సిజన్ తగిలినా ఈ గొట్టాల గుణం మారిపోతుంది. అంటే మనం కొలత మొదలుపెట్టేసరికే అది ఏదో ఒకటి పట్టుకునే ఉంటుంది. మార్పంతా గొట్టం ఒంట్లో జరుగుతుందా, గొట్టానికీ లోహపు తీగకీ మధ్య అతుకు దగ్గర జరుగుతుందా అని తర్వాత చాలా వాదాలు నడిచాయి. వాటి జోలికి ఇప్పుడు పోను.

ఆ తర్వాత జరిగిందంతా ఎక్కువగా వదిలించే ప్రయత్నమే. నాసా ఏమ్స్‌లో జింగ్ లీ బృందం 2003లో దువ్వెన పళ్ళలా అల్లుకున్న బంగారు ఎలక్ట్రోడ్ల మీద నానోట్యూబుల వల పరిచి, 44 పీపీబీ నైట్రోజన్ డైఆక్సైడ్ దాకా పట్టింది. పట్టుకున్నది వదిలించడానికి అతినీలలోహిత కాంతి వేసింది. మన దేశపు గాలి ప్రమాణాల్లో నైట్రోజన్ డైఆక్సైడ్‌కి 24 గంటల హద్దు ఘనపు మీటరుకి 80 మైక్రోగ్రాములు. లెక్క కడితే దాదాపు 43 పీపీబీ. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు, పని అయిపోయినట్టే అనుకున్నాను. అదే ఏడాది దాయ్ బృందం ఒక పాలిమర్ పూత వేసి ఒక పీపీబీ కంటే కిందకి కూడా దిగింది. మా వాడు చదివింది బహుశా దాని గురించే.

## వాన పడిన రోజు

నా పని ఇంతే. నానోట్యూబుల పొడిని ద్రావణంలో వేసి, అల్ట్రాసోనిక్ బాత్‌లో గంట సేపు కుదిపి, ఎలక్ట్రోడ్ల మీద చుక్కలు వేసి, హాట్‌ప్లేట్ మీద ఆరబెట్టడం. తర్వాత దాన్ని చిన్న గాజు గదిలో పెట్టి, పొడి నైట్రోజన్‌లో కలిపిన 5 పీపీఎం నైట్రోజన్ డైఆక్సైడ్ పంపడం. గ్రాఫు గీత నిటారుగా కదిలేది. గ్యాస్ కట్టేశాక దిగేది కాదు. రాత్రంతా నైట్రోజన్ పారించి పొద్దున్న వచ్చి చూస్తే సగం దారి కూడా వచ్చి ఉండేది కాదు. అందరం చేసే పనే నేనూ చేశాను. గ్యాస్‌ని కొద్ది క్షణాలు మాత్రమే పంపి, వెంటనే వేడి చేసి, రంపం పళ్ళలాంటి అందమైన గ్రాఫులు తీశాను.

మా ల్యాబ్ సముద్రానికి దగ్గర. జులైలో ఒక మధ్యాహ్నం గాజు గది మూత తీసి ఉంది, సెన్సార్ మీటరుకి తగిలించే ఉంది. వాన మొదలైంది. ఎవరో కిటికీ తెరిచారు. చూస్తుండగానే గీత కదలడం మొదలుపెట్టింది. సాయంత్రానికి 5 పీపీఎం గ్యాస్‌కి ఎంత కదిలేదో అంతకంటే ఎక్కువే కదిలింది. గ్యాస్ సిలిండర్ వాల్వు మూసే ఉంది. వచ్చింది ఉత్త తేమ.

థీసిస్‌లో పొడి గాలి గ్రాఫులే వెళ్ళాయి. తేమ సంగతి "ముందు ముందు చేయవలసిన పని" అనే శీర్షిక కింద ఒక్క వాక్యంలో రాశాను. ఆ వాక్యం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. ఎందుకంటే గోదావరి జిల్లాల్లో ఏ ఐస్ ఫ్యాక్టరీలోనూ పొడి నైట్రోజన్ ఉండదు. ఐస్ క్యాన్లు ముంచే ఉప్పునీటి తొట్టి పైన నిలబడితే చొక్కా తడుస్తుంది.

ఒక్కో గొట్టానికి ఒక్కో పూత వేసి, పదీ ఇరవై కలిపి, వాటి జవాబుల్ని కంప్యూటరుకి నేర్పితే తేమనీ గ్యాస్‌నీ విడదీయొచ్చని అంటారు. అందులో నిజం ఉంది. దాయ్ బృందమే చూపించింది: పాలీఇథిలీన్‌ఇమైన్ పూత ఉన్న గొట్టం అమ్మోనియాని పట్టించుకోదు, నాఫియాన్ పూత ఉన్నది నైట్రోజన్ డైఆక్సైడ్‌ని అడ్డుకుని అమ్మోనియాని రానిస్తుంది. కానీ ఆ ఇరవై గొట్టాలూ నెలనెలా ఒక్కోటీ ఒక్కో దారిన జరుగుతూ పోతుంటే, నేర్పినదాన్ని మళ్ళీ మళ్ళీ నేర్పాలి. నేర్పడానికి కొలత తెలిసిన గ్యాస్ సిలిండరు కావాలి, అది తెలిసిన మనిషి కావాలి. ఊరి చివర ఐస్ ఫ్యాక్టరీకి ఆ మనిషి ఎవరు వస్తారు?

## నాన్న ముక్కు

నాన్న దగ్గర గంధకం వత్తులు ఉండేవి. లీకు అనుమానం వస్తే ఒకటి వెలిగించి పైపు అతుకుల వెంట, వాల్వుల చుట్టూ తిప్పేవారు. అమ్మోనియా ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. చవకైనది, తప్పు చెప్పదు. అయితే అనుమానం వచ్చాకే దాని పని.

ఆ అనుమానం రావాల్సింది ముక్కుకి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. కొత్తగా చేరిన కుర్రాడు కంప్రెసర్ గది గుమ్మంలోనే ఆగిపోయి, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని "బాబాయ్, ఘాటు" అన్నాడు. నాన్న లోపల మామూలుగా నిలబడి ఉన్నారు. "ఏం ఘాటురా?" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వత్తి తిప్పితే ఒక వాల్వు గ్లాండ్ దగ్గర, అంటే వాల్వు కాడ చుట్టూ ఉండే బిగింపు దగ్గర, పొగ లేచింది. ఎప్పట్నుంచి కారుతోందో ఎవరికీ తెలియదు. నాన్న తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని, ఆ వాల్వు బిగించి బయటికి వచ్చారు.

ముక్కు మరిచిపోతుంది. కొద్దికొద్దిగా రోజూ తగిలే వాసనని అది లెక్కలోంచి తీసేస్తుంది. అది పుట్టుకతో వచ్చిన గుణం, నాన్న తప్పు కాదు. నాలుగేళ్ళ క్రితం ఆయనకి చలికాలపు దగ్గు తగ్గకపోతే పెద్ద డాక్టరుకి చూపించాం. ఐస్ ఫ్యాక్టరీ అని వినగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకి ఎంత పీల్చి ఉంటారు?" నాన్న నా వైపు చూశారు. సెన్సార్ల మీద డాక్టరేట్ చేసినవాణ్ణి నేను, నా దగ్గర జవాబు లేదు. ఆ దగ్గుకి కారణం అమ్మోనియానే అని నేను అనను. కాదని చెప్పడానికీ లెక్కంటూ ఏదీ లేదు.

చట్టం అడిగింది కూడా సరిగ్గా ఈ లెక్కే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో అమ్మోనియాకి రాసిన హద్దు ఎనిమిది గంటల సగటున 25 పీపీఎం, పదిహేను నిమిషాలకైతే 35. ఈ క్షణంలో గాలిలో ఎంత ఉందని అది అడగలేదు, ఈ షిఫ్టులో ఈ మనిషికి ఎంత తగిలిందని అడిగింది. బజరు దానికి జవాబు చెప్పదు. బజరు మోగి ఆగిపోతుంది.

## అక్క బ్యాడ్జి

కనుమ రోజు అక్కకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఎక్స్-రే టెక్నీషియన్. మూడు నెలల బ్యాడ్జీలు రీడింగుకి పంపాలి, నీది ఎక్కడ పెట్టావని అడుగుతున్నారు. ఎక్కడుందో చెప్పి ఫోన్ పెట్టేసింది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ బ్యాడ్జి మోగదు, దాని మీద అంకె కనబడదు. లోపల డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్ళలు ఉంటాయి. తగిలిన రేడియేషన్‌ని అవి మూడు నెలలూ దాచుకుంటాయి. ల్యాబ్‌లో వేడి చేస్తే ఆ దాచుకున్నదంతా వెలుగుగా బయటికి వస్తుంది, ఎంత వెలుగో అంత మోతాదు. వేడి చేశాక మళ్ళీ ఖాళీ, మళ్ళీ వాడుకోవచ్చు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ళకి మన దేశంలో హద్దు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. అక్క పేరు మీద ఏళ్ళ తరబడి అంకెలు ఉన్నాయి. నాన్న పేరు మీద ఒక్కటీ లేదు.

గది ఉష్ణోగ్రతలో పట్టుకుంటుంది, వదలదు, వేడి చేస్తే వదులుతుంది. ల్యాబ్‌లో మూడేళ్ళు నేను తిట్టుకున్న గుణం ఇదే కదా. బ్యాడ్జిలో అది లోపం కాదు, దాని పనే అది.

ఈ దారిలో నడిచినవాళ్ళు లేకపోలేదు. ఎంఐటీలో టిమోతీ స్వేగర్ బృందం 2012లో నానోట్యూబుల పొడిని గట్టిగా నొక్కి పెన్సిల్ ములుకులా చేసి, కాగితం మీద గీత గీసి దాన్నే సెన్సార్ చేసింది. 2014లో బస్ పాస్‌లో ఉండేలాంటి ఎన్ఎఫ్‌సీ చిప్‌లో నానోట్యూబు గీత కలిపి, మామూలు ఫోన్ దగ్గరికి తెస్తే చదివేలా చేసింది. 2016లో అసలైన మెలిక వేసింది. నానోట్యూబుల చుట్టూ కరెంటు పారనివ్వని ఒక పాలిమర్ చుట్ట చుట్టింది. ఒక రకం విష వాయువులు తగిలితే ఆ చుట్ట ముక్కలైపోతుంది, గొట్టాలు ఒకదానికొకటి తగిలి కరెంటు వేల రెట్లు పారుతుంది. అది మళ్ళీ వెనక్కి రాదు. బ్యాటరీ లేని బ్యాడ్జి, తగిలిందీ లేనిదీ ఫోన్‌తో చూసుకోవచ్చు. వెనక్కి రాకపోవడాన్ని వాళ్ళు దాచలేదు, దాని మీదే ఇల్లు కట్టారు.

## నన్ను పీకే అనుమానాలు

మొదటిది, మా ఆవిడే అడిగింది: గ్యాస్ తగిలితే రంగు మారే మామూలు గొట్టాలు ఉన్నాయి కదా, ఇదంతా ఎందుకు? నిజమే. గాలిలో నైట్రోజన్ డైఆక్సైడ్ సగటు పట్టడానికి పామ్స్ గొట్టం 1976 నుంచీ ఉంది, లోపల ఒక రసాయనం పూసిన జల్లెడ, అంతే. అమ్మోనియాకి చొక్కాకి తగిలించుకునే రంగు గొట్టాలు దొరుకుతాయి. చాలాచోట్ల అవే చాలు, అవైనా పెడితే నాకు అంతకంటే సంతోషం లేదు. నానోట్యూబు వైపు నన్ను లాగేది ఒక్కటే: షిఫ్టు దిగి వస్తూ గేటు దగ్గర ఫోన్‌కి తాకిస్తే ఆ రోజు లెక్క నమోదవుతుంది. కళ్ళతో రంగు పోల్చి, పుస్తకంలో రాసే మనిషి అక్కర్లేదు. ఆ లెక్క పనివాడి ఫోన్‌లోనే ఉంటుంది. యజమాని రిజిస్టరులో మాత్రమే ఉండే లెక్కని నేను నమ్మను.

రెండోది అమ్మోనియా స్వభావం. నైట్రోజన్ డైఆక్సైడ్‌ని పట్టుకున్నంత గట్టిగా ఉత్త నానోట్యూబు అమ్మోనియాని పట్టుకోదు, మెల్లగా జారవిడుస్తుంది. కాబట్టి అమ్మోనియా బ్యాడ్జికి దాన్ని తీసుకుని తిరిగి ఇవ్వని పూత ఏదో కావాలి, ఆమ్ల గుణం ఉన్నది. ఆ పూత తేమని కూడా పీలుస్తుంది. అందుకని రెండు గీతలు పక్కపక్కన పెట్టాలంటాను. ఒకటి గాలికి తెరిచి, రెండోది అమ్మోనియాని మింగేసే ఆమ్లం తడిపిన వడపోత కాగితం వెనక. తేమ రెండింటికీ తగులుతుంది, అమ్మోనియా ఒకదానికే. తేడా చూసుకోవాలి. ఇది కాగితం మీద బాగుంది. కాగితం మీద బాగున్నవి నేను ఇంతకుముందూ చూశాను.

మూడోది నాకు అన్నిటికంటే బరువైనది. 2008లో వచ్చిన ఒక పరిశోధన, పొడవాటి బహుళగోడల నానోట్యూబులు ఎలుకల కడుపు పొరలో ఆస్బెస్టాస్ తెచ్చేలాంటి వాపునీ గడ్డల్నీ తెస్తాయని చూపించింది. వాటిలో ఒక రకాన్ని క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. బ్యాడ్జిలో ఉండేది అతి కొద్ది పొడి, అదీ పూత కింద. ధరించేవాడికి ముప్పు దాదాపు లేదనే అనుకుంటాను. కానీ వాటిని తయారుచేసే చోట, వాడాక పారేసే చోట మనుషులుంటారు. ఒక పనివాడి ఊపిరితిత్తుల లెక్క కోసం ఇంకొక పనివాడి ఊపిరితిత్తులు పణం పెట్టకూడదు. అందుకే మా వాడికి మొదటి షరతు పెట్టాను. పొడి డబ్బా తెరవడానికి వీల్లేదు, నీళ్ళలో కలిపి అమ్మే సిరా మాత్రమే కొనాలి. మిగిలినది సింకులో పొయ్యకూడదు.

ఇంకొకటి. పెద్ద లీకు అయిన రాత్రి బ్యాడ్జి ఎవరినీ కాపాడదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్ళలోకి వచ్చి పన్నెండు మంది చనిపోయారు. సైరన్ మోగకపోవడాన్ని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తప్పుపట్టింది. పీపీబీ పట్టే సెన్సార్ లేకపోవడం అక్కడి సమస్య కాదు. కాబట్టి అలారం ఉండాల్సిందే, మనుషులకి వినబడేలా మోగాల్సిందే. నేను అడుగుతున్నది దాని పక్కన రెండో వస్తువు. పెద్ద లీకులు వార్తల్లోకి వస్తాయి. గ్లాండ్ దగ్గర నెలల తరబడి సన్నగా కారేది ఎక్కడికీ రాదు, మనిషి లోపలికి తప్ప.

## ఇప్పటిదాకా అయింది

మా వాడు అలారాన్ని అలాగే ఉంచాడు. దాని పక్కన ఫోటో కాగితం మీద రెండు నల్ల గీతలు చేరాయి, ఒకటి తెరిచి, ఒకటి సిట్రిక్ యాసిడ్ తడిపిన వడపోత కాగితం వెనక. వాళ్ళ గైడు "డిటెక్షన్ లిమిట్ ఎంత?" అని, అంటే ఎంత తక్కువ గ్యాస్ దాకా పట్టగలదని, అడిగారట. "అది ఇంకా చూడలేదు సార్, మా తాతయ్య పనిచేసిన చోట వారం రోజులు ఉంచితే ఏమవుతుందో చూస్తున్నాం" అన్నాడట. ఆయన ఒప్పుకున్నారు.

ఫిబ్రవరిలో ఆ ఫ్యాక్టరీ వాళ్ళని అడిగి, కంప్రెసర్ గదిలో ఒకటి, ఐస్ క్యాన్లు దింపే చోట ఒకటి కట్టాం. పోల్చుకోవడానికి కొన్న రంగు గొట్టాలు కూడా పక్కనే వేలాడదీశాం. ఏడు రోజుల తర్వాత కంప్రెసర్ గదిలో తెరిచిన గీత రెసిస్టెన్స్ పెరిగింది, వెనక గీతది కొద్దిగానే కదిలింది. రంగు గొట్టం కూడా కొంత మారింది. క్యాన్ల దగ్గర రెండు గీతలూ ఇంచుమించు సమానంగా కదిలాయి, అంటే అక్కడ ఎక్కువగా చూసింది తేమనే. ఒక్క వారంతో ఏమీ తేల్చలేం. ఫిబ్రవరి ఇక్కడ పొడి నెల కూడా.

అసలు పరీక్ష జులైలో. నాన్న వస్తానన్నారు. ఏ వాల్వు దగ్గర కట్టాలో తనకి తెలుసట. ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత గంధకం వత్తుల కట్ట తీసి, తేమ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి మనవడి బ్యాగులో పెట్టారు.